సార్ జీపుకి వేరే బండి పెట్టె

మా పీహెచ్‌డీ గైడు గారి పాత జీపులో ట్రాన్స్‌ఫర్ కేసు పాడయింది. ఇంజన్ బలాన్ని ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ పంచే పెట్టె అది. సార్ ఇంకో రకం బండి పెట్టెను పాత సామాన్ల కొట్టులో కొని, సరిపోతుందని నిరూపించడానికి యూనివర్సిటీ ల్యాబ్‌లో నా చేత నెల రోజులు లెక్కలు వేయించారు. కంప్యూటర్లో అన్నీ అందంగా కుదిరాయి. నాకు అనుమానం ఉన్నా అడగలేదు. నా థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది ఆయనే.

పెట్టెను ఆటోలో వేసుకుని, జీపు ఉన్న తార్నాక షెడ్డుకి వెళ్లాం. మెకానిక్ జీపు కిందికి దూరి, రెండు నిమిషాల్లో బయటికొచ్చాడు.

"సార్, మీ బండికి ముందు చక్రాలకు పోయే రాడ్డు కుడి దిక్కున్నది. ఈ డబ్బా మూతి ఎడమ దిక్కున్నది. ఎట్ల కలుస్తది? ఒక్కసారన్న కిందికి వంగి చూసిన్రా?"

సార్ నావైపు తిరిగారు. "ఏమయ్యా, నువ్వు చూడలేదా?"

"మీరు చూసుంటారనుకున్నాను సార్" అన్నాను.

మెకానిక్ మౌలాలి నుంచి అదే మోడల్ పెట్టె తెచ్చి బిగించాడు. మరుసటి వారం సార్ ఆ జీపులోనే సెమినార్‌కి వచ్చి, ఇంజనీరు చేతులకి మట్టి అంటాలని గంటసేపు ఉపన్యసించారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే.