ఐరాలలో దొరికిన దవడ

దొంగను పట్టుకోవడానికే నేను ఐరాలకు బయలుదేరాను. ఊరు చూడడానికి కాదు.

ముందురోజు సాయంత్రం ఐరాల బడిలో సైన్సు టీచరు శైలజ నా ఫోనుకు ఒక ఫోటో పంపింది. ఆమె నా పాత శిష్యురాలు. "పాత గది పడగొట్టి పునాది తవ్వుతుంటే దొరికింది మేడం. ఆదిమానవుడిదా?" అని అడిగింది.

ఫోటో చూడగానే ఒళ్ళు మండింది. అది ఏ మానవుడిదీ కాదు. కోతులకూ మనకూ మూలమైన కోవలోని ఒక చిన్న జంతువు కింది దవడ. ఈజిప్టు ఎడారిలో దొరికిన మూడు కోట్ల ఏళ్ళ నాటి శిలాజానికి ప్లాస్టరు నకలు. తిరుపతిలో నేను జంతుశాస్త్రం చెప్పిన కాలేజీ బీరువాలోంచి పందొమ్మిదేళ్ళ కిందట మాయమైంది. ఎడమవైపు చివరి పన్ను విరిగితే నేనే అంటించాను. ఆ జిగురు ముద్ద ఫోటోలో కనబడుతూనే ఉంది. బీరువా తాళంచెవులు రెండు. ఒకటి నా దగ్గర, ఒకటి అటెండరు మునెయ్య దగ్గర. మునెయ్యది ఐరాల. ఇంకేం కావాలి?

"కాణిపాకంలో ప్రమాణం చేస్తా మేడం, నేను తీయలేదు," అని అప్పుడు ఆయన ఏడ్చాడు. కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధమాడినవాడు బాగుపడడని మా చిత్తూరు వైపు నమ్మకం. "ప్రమాణాలు సాక్ష్యం కావు మునెయ్యా," అని నేను కాగితం రాసి ప్రిన్సిపాలుకు ఇచ్చాను. ఆయన్ని ల్యాబులోంచి తీసి గేటు దగ్గర కూర్చోబెట్టారు. రిటైరయ్యేదాకా అక్కడే. రోజూ నమస్కారం పెట్టేవాడు, నేను చేతి గడియారం చూసుకుంటూ పోయేదాన్ని.

ఉదయం ఆరున్నరకు తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సెక్కాను. ఆడవాళ్ళకు ఉచితం, ఆధార్ చూపాలి. కండక్టరు కార్డును ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు.

"ఇది మీరేనామ్మా?"

"కాదు, మా అత్త!" అన్నాను. సున్నా టికెట్టు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

నా పక్కన కూర్చున్నామె రేణిగుంటలో గోడౌనులో పనిచేస్తుందట, కాణిపాకానికి పోతోంది. "మా తోడికోడలు నా కమ్మలు తీసిందని నా అనుమానం మేడం. తీయలేదని ఈ పొద్దు ప్రమాణం చేస్తానంటాది."

"చేస్తే నమ్ముతావా?"

"దేవుని ముందర చేసినాక మళ్ళీ అనేదానికి నాకు నోరెట్లొస్తాది?"

పిచ్చిది, అనుకున్నాను.

ఎనిమిదిన్నరకు చిత్తూరు. బస్టాండు బయట ఇడ్లీ తిన్నాను. చట్నీ బాగుంది, కాఫీ మాత్రం వేడినీళ్ళు. తొమ్మిదింబావుకు ఐరాల బస్సు. ఆ కమ్మలామె కూడా అందులోనే ఎక్కింది. కాణిపాకంలో ఆమె దిగిపోయింది. ఆపైన దారంతా చెరకు, మామిడి తోటలు, గుండ్రాళ్ళ గుట్టలు. ఆ రాయి ఎముకలున్న ప్రాణి పుట్టకముందుది. ఈ నేలలో శిలాజం దొరికిందంటే ఎవడో తెచ్చి పెట్టి ఉండాలి. ఆ ఎవడో ఎవరో నాకు తెలుసు.

పదింబావుకు బడి చేరాను. దవడను శైలజ చేతిరుమాలులో చుట్టి ఉంచింది. తిప్పి చూపించాను. గడ్డం దగ్గర రెండు సగాలూ ఒకే ఎముకగా అతికిపోయాయి, కోతులకు దూరపు చుట్టమైన మన దేవాంగపిల్లికి అలా అతకవు. పళ్ళు పక్కకు ఎనిమిది, మనకున్నట్టే. "మన కోవ ఆఫ్రికాలో పుట్టిందా, ఆసియాలోనా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. చైనాలోనూ బర్మాలోనూ దొరికినవి చిన్న చిన్న ముక్కలు. అందుకే ఎముక ఒక్కటే చాలదమ్మా. ఎక్కడ, దేనితోపాటు దొరికిందో తెలియకపోతే అది తాడూ బొంగరం లేనిదే. చెప్పు, ఇది సరిగ్గా ఎక్కడ దొరికింది?"

శైలజ నీళ్ళు నమిలింది. గుమ్మంలో నిలబడి వింటున్న వంటామె రాజమ్మ అందుకుంది.

"పునాదిలో యాడిది మేడం? పాతగది అటక మింద రేకుడబ్బాలో ఉన్నింది. గోడ కొడతా ఉంటే కింద పడె. డబ్బా బాగుండాదని నేను ఆవాలు పోసుకున్నా."

తెప్పించాను. మూత లోపల ఒక చీటీ అంటించి ఉంది. 'సైన్సు ప్రదర్శన కోసం ఇచ్చాను. జాగ్రత్తగా వాడి తిరిగి పంపండి.' కింద దవడ మాయమైన ఏడాది వేసవి సెలవుల ముందురోజు తేదీ, నా సంతకం.

అప్పుడు గుర్తొచ్చింది. ఐరాల హెడ్మాస్టరు వచ్చి బతిమాలాడు. నేను పేపర్లు దిద్దడానికి వెళ్ళే తొందరలో ఉన్నాను. ఆ రోజు మునెయ్య సెలవు. నా మీద నాకే అసహ్యం వేసింది.

రాజమ్మ ఆవాలు వేరే గిన్నెలో పోసుకుంది. దవడను డబ్బాలో పెట్టుకుని దారి అడుక్కుంటూ మునెయ్య ఇంటికి వెళ్ళాను. అరుగు మీద వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. మూత చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"మీ రాతే," అన్నాడు.

"తప్పు నాది. నన్ను క్షమించండి." ఆయన్ని మీరు అనడం అదే మొదటిసారి.

"గేటు కాడ ఎండ అలవాటైపాయ మేడం. మీరొద్దన్నా నేను కాణిపాకం పోయి ప్రమాణం చేసినా. వినేదానికి ఎవురూ రాలా." కళ్ళజోడు తీశాడు. "మా ఆడది పోయే ముందర గూడా అడిగింది, నిజం చెప్పు, తీసినావా అని."

కాగితం అడిగి, జరిగింది రాసి, సంతకం చేసి ఇచ్చాను. మడిచి భార్య ఫోటో వెనక దోపాడు.

ఒంటిగంటన్నరకు తిరుగు బస్సు. ఐరాలకు వచ్చిపోయే బస్సులు బాగానే ఉన్నాయి, వెళ్ళాలనుకునేవాళ్ళకు ఇబ్బంది లేదు. అంతకు మించి ఊరి గురించి చెప్పడానికి నేను ఏమీ చూడలేదు. పొద్దున్నుంచి నేను చూసిందల్లా నా అనుమానాన్నే.

మునెయ్య డబ్బాను బస్టాపుదాకా రెండు చేతులా పట్టుకుని వచ్చాడు, ల్యాబులో పట్టుకున్నట్టే. నేను కిటికీ పక్కన కూర్చున్నాక మూత తీసి డబ్బాను కిటికీ దాకా ఎత్తి పట్టుకున్నాడు.

"పళ్ళు లెక్కబెట్టుకోండి మేడం."

"వద్దు మునెయ్య గారూ. నాకు అక్కర్లేదు."

"మీకక్కర్లేదు. నాకు కావల."

డ్రైవరు హారను కొట్టాడు. బస్సులో అందరూ మావైపే చూస్తున్నారు. ఒక చేత్తో డబ్బా పట్టుకుని, పళ్ళ మీద వేలు పెట్టి, ఆయనకు వినబడేటట్టు, ఒకటి నుంచి పదహారుదాకా లెక్కపెట్టాను.

"సరిపోయిందా?"

"సరిపోయింది."

అప్పుడు ఆయన డబ్బా మీంచి చేతులు తీశాడు.