మొగ్గ గిల్లే వేళ్లు

నా కుడి మణికట్టుకున్న పట్టీ చూసి ఎవరడిగినా, అడవిపందితో పెనుగులాడానని చెబుతాను. ఆ పంది ఒక్కోసారి దూడంత ఉంటుంది, ఒక్కోసారి ట్రాక్టరంత. అడిగినవాళ్ల తీరికను బట్టి. నిజానికి నేను పెనుగులాడింది పత్తి మొగ్గతో.

ధరూర్ దగ్గర మా చేలో విత్తన పత్తి వేశాం. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ మధ్యాహ్నమే పట్టుకుని, బొటనవేలి గోరుతో రేకులూ పుప్పొడీ ఒలిచేసి, నడుమ సన్నటి పుల్ల మాత్రం మిగల్చాలి. తెల్లారి దానికి, వేరే వరసల్లో వేసిన మగమొక్కల నుంచి తెంపిన మగపువ్వు రుద్దుతాం. దీన్నే క్రాసింగ్ అంటాం. ఒలవకముందే విచ్చుకున్న పువ్వు విత్తనానికి పనికిరాదు. అందుకే క్రాసింగ్ నడిచినన్నాళ్లూ ఎవరికీ సెలవుండదు.

గద్వాల దవాఖానలో డాక్టరు నా చెయ్యి వంచి చూశాడు.

"ఒక్క తీరు పని చేసి చేసి లోపల నరం ఒత్తుకపోయింది, పెద్దాయనా. చెయ్యికి రెస్టియ్యాలె."

"పత్తికి జెప్పుండ్రి సారూ, నేనైతే ఒప్పుకున్న."

ఆయన నవ్వలేదు. పట్టీ వేసి పంపాడు.

ఆ మధ్యాహ్నమే మళ్లీ సాలులోకి దిగాను. నొప్పి లేదు. నొప్పి ఉన్నన్నాళ్లే నయం, వేళ్లకు మొగ్గ తెలిసేది. ఇప్పుడు బొటనవేలూ, దాని పక్క వేళ్లూ ఎవరివో అన్నట్టున్నాయి. పక్క సాలులో ఉన్న మా ఇంటామె నేను ఒలిచిన మొగ్గలు చూసి ఆగిపోయింది.

"ఏమయ్యా, నడిమి పుల్లేది? మొత్తానికే పీకి పారేస్తివి గదా!"

"కొత్త పద్ధతి. గిట్లయితే జల్ది అయితది."

"ఔ, కాయ గూడ జల్దే రాలుతది. ఎంత దూరం చేసినవ్ గిట్ల?"

వెనక్కి తిరిగి చూశాను. సాలు మొదటి నుంచీ అంతే. పుల్ల తెగినట్టు వేలికి తెలియనే లేదు. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది.

"రేపటిసంది మొగ్గ ముట్టకు. మగపూలు తెంపు. అది పిడికిలితోనైనా అయితది."

"మరి నీ చెయ్యి?"

ఆమె తన చేతిని ఒకసారి విదిల్చుకుంది. "నా వేళ్లకింకా మొగ్గ తెలుస్తుంది," అని నా సాలులోకి తనే వచ్చింది.

సూపర్‌వైజరునయ్యానని ఊళ్లో చెప్పాను. అయింది పూలు తెంపేవాడిని. మర్నాడు పొద్దున మగమొక్కల దగ్గర పూలు తెంపుతుంటే కేకేసింది: "తేవయ్యా, పొద్దెక్కుతుంది!"

గుప్పెడు పూలతో గబగబా వెళ్లి చెయ్యి చాచాను. ఆమె నా పిడికిలి విప్పి చూసింది. లోపల ఒక్క పువ్వూ లేదు. ఎక్కడ జారిపోయాయో నాకు తెలియదు. ఆమె నేను వచ్చిన దారి వెంట నేల చూసుకుంటూ వెళ్లింది.