ఎంట్రన్సు, మెట్రిక్కు, లీవింగు

1939 జూన్‌లో చిక్కబళ్లాపురం స్కూళ్ల ఇన్‌స్పెక్టరు కచేరి నుంచి నన్ను ఒక్కరోజు డ్యూటీ మీద బాగేపల్లికి పంపారు. అక్కడి ఆడపిల్లల బడికి టీచరును ఎంపిక చేయాలి. నేను గుమాస్తాను. కమిటీ మాటలు రాసుకోవడం, అడిగితే రూలు చదవడం, అంతవరకే నా అధికారం. ఓటు లేదు. అయినా దారిలో పేరేసంద్ర ఊళ్లో కొత్త చొక్కా మీద కాఫీ ఒలికితే కూడా కోపం రాలేదు. అదే నా మొదటి డ్యూటీ మరి!

వచ్చిన అభ్యర్థి ఒక్కతే. చింతామణి ఊళ్లో వ్యాపారస్థుల ఇంటి కోడలు రామలక్ష్మి. భర్త పోయి రెండేళ్లయింది. ఈ ఉద్యోగం రాకపోతే మరిది ఇంట్లో వంటతోనే బతుకు వెళ్లిపోతుందని ఆమే దాపరికం లేకుండా చెప్పింది.

కమిటీ అధ్యక్షులు నంజప్పగారు, డెబ్బై దాటిన భూస్వామి. ఆయన చేతిలోని పాత ప్రకటనలో ‘మెట్రిక్యులేషన్ ప్యాసై ఉండాలి’ అని ఉంది. ఆమె కాగితం మీదేమో ‘సెకండరీ స్కూల్ లీవింగ్ సర్టిఫికెట్’. ‘లీవింగ్’ దగ్గర ఆయన వేలు ఆగింది.

“శాలె వదిలేసినట్టు సర్కారే రాసిచ్చుండాది కదమ్మా! వదిలేసిన నువ్వు పిల్లోల్లకి ఏం చెప్తావు?” అన్నారు.

నేను నోరు తెరిచాను. “గుమాస్తావి, నువ్వుండప్పా” అన్నారు. మూసుకున్నాను. నవ్వు ఆపుకోలేక కలం పాళీ కొరికితే నాలుక నీలమైంది.

రామలక్ష్మి మాత్రం తొణకలేదు. తమరు ఏ పరీక్ష ప్యాసయ్యారని అడిగింది. ఆయన మీసం దువ్వుకున్నారు.

“ఎంట్రన్సు! ఆ కాలంలో ఈ పక్కంతా నేనొక్కణ్ణే.”

“అట్లయితే మీరు వాకిలి కాడికి వచ్చినారు, నేను బయటికి వచ్చేసినాను. మరి లోపల చదివినోల్లు యాడ ఉండారప్పా?”

నంజప్పగారు నవ్వడం మొదలుపెట్టారు. తలపాగా జారి సిరాబుడ్డి మీద పడింది. కళ్లు తుడుచుకుంటూ, రూలు చదవమని నాకు సైగ చేశారు.

మూడూ హైస్కూలు ఆఖరి తరగతి పరీక్షలేనని చదివి వినిపించాను. కాలేజీ వైపు నుంచి చూసినవారు ఎంట్రన్సు అన్నారు, యూనివర్సిటీ మెట్రిక్యులేషన్ అంది, బడి వైపు నుంచి చూస్తే అది లీవింగు. దొరల దేశంలోనూ ఇదే తంతు. అక్కడ ‘లోకల్’ పరీక్ష పోయి ‘స్కూల్ సర్టిఫికెట్’ వచ్చింది, నా రిటైర్మెంటుకు ముందే అదీ పోయి ‘ఆర్డినరీ లెవెల్’ అయింది.

నంజప్పగారు అక్కడికక్కడే నియామకం కాగితం మీద సంతకం చేశారు. అయితే ముచ్చటపడి, అర్హత గడిలో తన పరీక్ష పేరే రాశారు: ఎంట్రన్సు. అలాంటి పరీక్ష ఇప్పుడు లేదని మా పైఅధికారి కాగితం తిప్పి పంపారు. నేను మూడు పేర్లూ వరసగా రాసి, పక్కన ‘హైస్కూలు ఆఖరి తరగతి’ అని చేర్చి పంపాను. ఈసారి మంజూరైంది. ఆ పై సోమవారం రామలక్ష్మి పనిలో చేరింది.

ఆ తరువాత నా సర్వీసంతా ఏ కాగితం మీదైనా పరీక్ష పేరు పక్కనే తరగతి కూడా రాశాను. పేరు మార్చేది సర్కారు. అది తెలియనిది కచేరికి. ఉద్యోగం లేకుండా ఇంటికి తిరిగి వెళ్లాల్సింది మాత్రం చదువుకున్న మనిషి.