ఆ వీధి ఊడ్పించింది నేనే

మా తోటికోడలు పోయేరు. పాలు పోసే మనిషి గుమ్మంలో నించుని, "అమ్మగారూ, మీ అక్కగారు తెల్లారగట్ల పోయేరంటండీ" అని చెప్పింది. మా రెండిళ్లకీ మధ్య ఒక్క దడి. దడి అవతల చావు కబురు నాకు పాలమనిషి తేవాల్సొచ్చిందంటే మా మధ్య సంగతులెలా ఉండేవో మీరే ఊహించుకోండి. పదేళ్లపైగా మాకు మాటల్లేవు.

తొంభై ఆరు తుఫానునాడు మా ఊరి పంచాయతీకి ప్రెసిడెంటు ఆవిడే. అందుకని ఇప్పుడు సంతాపసభ పెట్టేరు, సెంటర్లో ఫ్లెక్సీ కట్టేరు, చిన్న పుస్తకం కూడా వేస్తారట. "స్వయానా తోటికోడలు కదండీ, రెండు మంచి ముక్కలు రాసివ్వండి" అని మా ఇంటికొచ్చేరు. ఆ మొహాలు చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ సంచీ పట్టుకుని అమలాపురం బస్సు కోసం నించుంటే "అదిగో, మన తుఫాను బయల్దేరింది" అని కిసుక్కున నవ్విన మొహాలే అవి. నేనేమైనా తక్కువ తిన్నానా, నేనూ నవ్వేను. కాబట్టి మంచి ముక్కలు నన్నడక్కండి. జరిగింది రాస్తాను. వేసుకుంటే వేసుకోండి, లేకపోతే చింపి పొయ్యిలో పెట్టుకోండి.

ఆవిడ ప్రెసిడెంటయింది ఆడవాళ్లకి సీటు వచ్చింది కాబట్టి. మా బావగారు ఆవిడ పేరు రాయించి, తను చక్రం తిప్పుదామనుకున్నారు. మొదటి మీటింగుకి ఇస్త్రీ పంచె కట్టుకుని ముందే వెళ్లి కూచున్నారు కూడా. ఈవిడెళ్లి, "మీరు బయట అరుగు మీద కూచోండి, అవసరమైతే కబురు చేస్తాను" అన్నారట. ఆ కబురు ఐదేళ్లూ రాలేదు. పెద్దగా అరిచే మనిషి కాదు, చెప్పింది రెండోసారి చెప్పే మనిషీ కాదు. నాకు మొదట్నించీ ఆవిడంటే ఒళ్లుమంట. మా అత్తగారి దగ్గర మంచిపేరంతా ఆవిడకే, వంటింటి మసంతా నాకే.

తుఫాను వెళ్లిన మర్నాడు పెరటి తలుపు తీస్తే ఆకాశం కనబడింది. కోనసీమలో పెరట్లోంచి ఆకాశం కనబడ్డం ఏమిటండీ, కొబ్బరాకులు కనబడాలి గానీ! చెట్లన్నీ నేలమీదున్నాయి. రోడ్ల మీద, కాలవలో, ఇళ్ల మీద. ఎటు వెళ్లాలన్నా మొద్దులే. నేను మూడ్రోజులు గడప దాటకుండా ఏడుస్తూ కూచున్నాను. ఆవిడ ఇల్లు కప్పు లేచిపోయింది. ఆ సంగతి బావగారికి వదిలేసి, కొంగు బొడ్లో దోపుకుని రోడ్డు మీదకెళ్లిపోయేరు. చచ్చిన పశువుల్ని గోతుల్లో పాతించి, సున్నం చల్లించి, ముక్కుకి గుడ్డ కట్టుకుని దగ్గర నించున్నారు.

పంచాయతీలో చూస్తే పైసా లేదు. మెట్టనించి రంపాలు పట్టుకుని కూలీలు దిగేరు. వాళ్లతో ఆవిడ, "ముందు రోడ్లు తీయండి నాయనా. తుఫాను పని కింద గవర్నమెంటు ఇస్తుంది. ఇవ్వకపోతే నేనిస్తాను" అన్నారు. ఆ మాట నేనూ విన్నాను. వినగానే "ఈవిడ అబ్బసొమ్మేమైనా ఉందా" అనుకున్నాను, అదీ రాస్తున్నాను.

మండలాఫీసుకెళ్తే, చెట్లు తీసిన ఖర్చు కావాలంటే రుజువు చూపించమన్నారు. ఫొటోలేవీ అని అడిగేరు. తలదాచుకోడానికి కప్పు లేనివాళ్లని ఫొటోలడిగే తెలివి వాళ్లకే ఉంటుంది! చివరికి పై ఊరినించి ఒక బృందం వస్తుంది, కళ్లారా చూసి రాస్తుంది అన్నారు. అప్పటికి ఊరంతా తీయడం అయిపోయింది. మా ఇంటికొచ్చే లాకు వీధి ఒక్కటే మిగిలింది. ఆవిడ అందర్నీ పిలిచి చెప్పేరు.

"ఆ వీధి ముట్టుకోకండి. వచ్చినవాళ్లకి ఏదో ఒకటి కళ్లకి కనబడాలి కదా. వాళ్లు చూసెళ్లేక తీయిద్దాం."

"ఆయ్, అలాగేనండి" అన్నారందరూ. మావైపు ఆయ్ అన్నారంటే విన్నారని, అంతే. చేస్తారని కాదు.

బృందం వచ్చే ముందురోజు ఆవిడ టైపు కాగితాల కోసం అమలాపురం వెళ్లి, తిరిగి బస్సు లేక అక్కడే చుట్టాలింట్లో ఉండిపోయేరు. వచ్చేవాళ్లకి భోజనాలు మా ఇంట్లో. కప్పున్న ఇల్లు మాదే కదా. నేను వీధిలోకి తొంగి చూసేను. అడ్డంగా మొద్దులు, కుళ్లిన ఆకు, మోకాల్లోతు బురద, కంపు. అంతంత పెద్దమనుషులు ఆ కంపులో దిగి మా గుమ్మం ఎక్కాలా? ఎక్కి ఏమనుకుంటారు? ఫలానావాళ్లింటికి భోజనానికెళ్తే దారి కూడా లేదు అనుకోరూ? నాకు తల కొట్టేసినట్టయింది. మావారితో చెప్పేను. మావారు మనుషుల్ని పిలిచేరు. ఆవిడతో ఆయ్ అన్నవాళ్లే నాతోనూ ఆయ్ అన్నారు. పొద్దుగూకేలోపల మొద్దులన్నీ దొర్లించి తోటల్లో పడేసేరు. మర్నాడు వీధి ఊడ్పించి, కళ్లాపి చల్లించి, ఈ చివరనించి ఆ చివరదాకా ముగ్గులు పెట్టించేను. పడిపోయిన చెట్ల ఆకులతోనే తోరణాలు కట్టించేను. నా అంత తెలివైనది లేదనుకున్నాను.

వంట సంగతి చెప్పాలి. పులిహోర, గారెలు, కొబ్బరి బూరెలు, నాలుగు పచ్చళ్లు. వాటన్నిటికీ మించి కొబ్బరి మొవ్వు కూర. మొవ్వంటే చెట్టు నెత్తిన లోపల తెల్లగా, లేతగా ఉండే భాగం. అది తీస్తే చెట్టుండదు. అందుకని చెట్టు చచ్చిపోతేనే తప్ప ఆ కూర ఎవరూ వండరు. మా తోటలో పడిపోయిన చెట్లనించి తీయించి, ఆవపెట్టి వండేను.

బృందంలో పెద్దాయన ఆ కూర మూడుసార్లు వేయించుకున్నాడు. "ఇదేం కూరండీ, ఇంత రుచి నేనెక్కడా చూళ్లేదు! అసలు తుఫానొచ్చిన ఊరిలా లేదండీ మీది" అన్నాడు. నేను సిగ్గు లేకుండా పొంగిపోయి, "ఏదో మీ దయండీ, మరొక్క గరిటె వేసుకోండి" అన్నాను. తుఫానొచ్చిన ఊరిలా లేదనడం నాకు మెప్పులా వినబడింది. ఖర్మ!

అంతలో ఆవిడొచ్చేరు. బస్సు దిగి, కాగితాలు గుండెకి హత్తుకుని వీధి మొదట్లో ఆగిపోయేరు. కిటికీలోంచి నాకు కనబడుతూనే ఉంది. తోరణాలు చూసేరు. కిందకి చూసేరు. ముగ్గు తొక్కకుండా పక్కనించి నడిచొచ్చేరు. కాగితాలు బల్లమీద పెట్టి, కాళ్లు కడుక్కుని, మజ్జిగ తనే వడ్డించేరు. వాళ్ల జీపు కదిలేక అడిగేరు.

"వీధి ఎవరు తీయించేరు?"

"నేనేనండి అక్కయ్యా. అతిథులొస్తుంటే..."

"వాళ్లు అతిథులు కాదే. చూడ్డానికొచ్చినవాళ్లు. కడిగేస్తే ఇంకేం చూస్తారు?"

అంతే అన్నారు. తిట్టినా బాగుండేది. నేనే లేచేను. పొయ్యి దగ్గర చచ్చేనని, మీ పరువు కాపాడేనని, ప్రెసిడెంటువయితే నీ ఇంట్లో అని, నోటికొచ్చిందల్లా అన్నాను. ఆవిడ తన చెంబు పట్టుకుని దడి దాటి వెళ్లిపోయేరు.

తరవాత రిపోర్టొచ్చింది. ఊళ్లో రోడ్లు శుభ్రంగా ఉన్నాయి, జనం సంతోషంగా ఉన్నారు, చెట్లు తీసినట్టు పంచాయతీ చూపించిన ఖర్చు నమ్మదగ్గది కాదు అని రాసేడు. మూడుసార్లు వేయించుకుని తిన్నవాడే! చెయ్యి కడుక్కున్న తడి ఆరకముందే ఆవిణ్ణి దొంగని చేసేడు. ఆ మాట రాసిన చెయ్యికి ఇప్పటికీ నా ఉసురు తగలాలనే కోరుకుంటాను. పుస్తకం వేసేవాళ్లు ఈ వాక్యం తీసేశారో, ఊరుకోను.

కూలీలు మళ్లీ వచ్చేరు. ఆవిడ కొత్తపేట దగ్గర పుట్టింటివాళ్లు పసుపు కుంకాల కింద ఇచ్చిన అరెకరం అమ్మి వాళ్లకిచ్చేసేరు. ఊళ్లో ఒక్కడు "మేమూ తలో చెయ్యి వేస్తామండీ" అన్లేదు. రోడ్ల మీద మాత్రం అందరూ నడిచేరు.

ఇది జరిగేక ఆవిడ మా ఇంటికి ఒక్కసారే వచ్చేరు, చేతిలో ఒక కాగితంతో. "వాళ్లొచ్చే ముందురోజు వీధి తీయించింది నువ్వని సంతకం పెట్టు. నువ్వొక్కదానివి పెడితే చాలు, రిపోర్టు తిరగరాయిస్తాను" అన్నారు. నాకు కోపం ముంచుకొచ్చింది. "మర్యాద చేసినందుకు నన్ను బోనెక్కిస్తారా? తప్పు నాదని ఊరందరి ముందూ రాసిమ్మంటారా?" అని ఆ కాగితం చేత్తో తోసేసేను. కింద పడింది. ఆవిడే వంగి తీసుకున్నారు. అదే మా ఆఖరి మాట.

పదవి పోయింది, ఆవిడ తిరగడం పోలేదు. ఆఫీసుకెళ్లే రోజు బండారులంక నేతచీర గంజి పెట్టింది కట్టేవారు. ఇంటినించి మంచినీళ్లు తీసుకెళ్లేవారు. ఏ ఆఫీసులోనూ కాఫీ కాదు కదా, గుక్కెడు నీళ్లు కూడా ముట్టలేదట. ఎవరైనా ఇవ్వబోతే, "వద్దండీ. తిని రాస్తే ఏమవుతుందో నేను చూసేను" అనేవారట. ఈ బల్ల దగ్గరనించి ఆ బల్లకి, ఆ బల్ల దగ్గరనించి సెలవులో ఉన్నాయన బల్లకి తిప్పేరు. ఒక గుమస్తా "ఇంకా ఏం తుఫానమ్మా, ఎప్పుడో అయిపోయింది కదా" అన్నాడట. ఈవిడ, "మీ కాగితంలో అది మొదలవనే లేదు కదండీ, అయిపోవడం ఏమిటి?" అన్నారట. ఆ మాట బస్సులో విన్నవాళ్లు ఊరంతా చెప్పుకుని నవ్వేరు.

ఒకసారి బావగారు విసుక్కోవడం దడి ఇవతల నాకు వినబడింది. "కూలీలకి ఇచ్చేశావు. ఇంకా ఆ డబ్బు కోసం ఏం తిరుగుడు?"

"డబ్బెవడిక్కావాలండీ," అన్నారావిడ. "నేను అబద్ధం చెప్పేనని అక్కడ రాసుంది. అది కొట్టేయించాలి. అది అలా ఉండగా నేను పోకూడదు."

పోయేరు. అది అలాగే ఉంది.

పదోరోజు బావగారు దడి దగ్గరకొచ్చి ఆవిడ సంచీ ఇటు అందించేరు. "నీకిమ్మంది" అన్నారు. అర్జీల అడుగున ఒక కట్ట ఉంది. ఆనాడు నేను తోసేసిన కాగితం, దానిమీద అలాంటివే మరో పది. పాతబడిన కాగితం ఆఫీసులో తీసుకోరని కాబోలు, ఏటా కొత్తగా రాసి పెట్టుకున్నారు. కింద నా పేరు, సంతకానికి జాగా. మొదటిది చదివేను. ఆనాడు చదవలేదు చూడండి, చదవకుండానే తోసేసేను.

"బృందం వచ్చే ముందురోజు లాకు వీధిలో చెట్లు నేనే తీయించేను. ఊరి గౌరవం కోసం, వచ్చేవారి మీద మర్యాదతో చేసేను. ఇందులో నా తప్పేమీ లేదు" అని రాసుంది.

నా తప్పేమీ లేదట! పదకొండు కాగితాల్లోనూ అదే మాట, ఒక్క అక్షరం మారలేదు. ఆ సంచీ ఒళ్లో పెట్టుకుని, అక్కయ్యా అని ఏడ్చేను. నన్ను బోనెక్కిస్తారని నేను పళ్లు నూరుతుంటే, ఆవిడ ఏటా కూచుని నా పరువు కాపాడుతున్నారు. ఏం మనిషండీ! ఒక్కసారి చదివి వినిపిస్తే ఏం పోయింది? అదీ ఆవిడ మీద నా కోపమే. చెప్పింది రెండోసారి చెప్పరు కదా మహాతల్లి.

సంతకం పెట్టేను. పెట్టేముందు ఆ ఆఖరి వాక్యం కొట్టేసి, "తప్పు నాదే" అని రాసేను. సంతాపసభకొచ్చిన మండలం ఆఫీసరుగారికి అందరూ చూస్తుండగా చేతికిచ్చేను. ఆయనకి కాఫీ మాత్రం ఇవ్వలేదు. మనిషిని పంపి విచారణ చేయిస్తానన్నాడు. రేపు వస్తున్నారని కబురొచ్చింది.

నిన్న గాలికి మా గుమ్మం ముందు కొబ్బరి మట్ట పడింది. ఇందాక పాలమనిషి వచ్చి, "అడ్డంగా ఉందండీ, లాగేసి వాకిలి ఊడ్చిపెట్టనా?" అంది. వద్దన్నాను. మనుషులొస్తున్నారు కదండీ అంది. వస్తున్నారనే, ముట్టుకోకు అన్నాను. పాలగిన్నె నెత్తిన పెట్టుకుని, చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, మట్ట దాటుకుంటూ వెళ్లింది.