కొత్వాలమ్మ ఇంట్లో సూఫ్లే

పెళ్లిచూపుల్లో ఆడపిల్ల రెండు మాటలకు మించి మాట్లాడని రోజులవి. ఆ రెండింటిలో ఒకటి అబద్ధం ఆడినదాన్ని నేను. "వంటలేం వస్తయి బిడ్డా?" అని కాబోయే అత్తగారు అడిగితే పప్పు, పులుసు అని ఊరుకోక, "ఫ్రెంచి వంట వస్తది. సూఫ్లే చేస్త" అన్నాను. మా మిషన్ బడిలో దొరసాని టీచరు ఒకరోజు ఆ వంట నేర్పిన మాట నిజమే. కాకపోతే ఆ రోజు బడిలో పొయ్యి చెడిపోయి, ఆవిడ దాన్ని నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసి చూపించింది. (గుడ్ల నురగ గిన్నె అంచు దాటి టోపీలా పైకి లేచిన బొమ్మ. చూడ్డానికి ముచ్చటగానే ఉంది.) నాకు తెలిసిన సూఫ్లే అంతే.

శాలిబండలోని అత్తవారింటికి వచ్చి నెల తిరగలేదు. మా అత్తగారిని వాడకట్టంతా, పోలీసు కొత్వాలుకు భయపడ్డట్టే భయపడి, చాటుగా కొత్వాలమ్మ అనేది. ఆవిడ గల్లీలోకి అడుగుపెడితే గాజుల దుకాణంవాళ్లు బేరం ఆపి సర్దుకుని కూర్చునేవాళ్లు. ఒక శుక్రవారం ఆవిడ తమలపాకుల తొడిమలు తుంచుతూ, "ఐతారం మీ పెద్దమామ వాళ్లు వస్తున్నరు. ఆ దొరల వంట చెయ్యి. అందరికి చెప్పి పెట్టిన" అంది. నేను తల ఎత్తి చూశాను. "ఏంది గట్ల చూస్తున్నవ్? వస్తదంటివి గద." "వస్తది అత్తమ్మా" అన్నాను. అది రెండో అబద్ధం.

పుట్టింటికి పంపేస్తారేమోనన్న భయంతో పెట్టెలో చీరలు కూడా లెక్క చూసుకున్నాను. "అమ్మకు నిజం చెప్పెయ్యి" అన్నారు మా ఆయన. "మీరే చెప్పుండ్రి" అన్నాను. ఆయనా ఆవిడ కొడుకే కదా, నాకంటే ఇరవై ఏళ్లు ఎక్కువ భయపడ్డవారు. సైకిలెక్కి ఆబిడ్స్ దాకా పోయి చీజ్ డబ్బా తెచ్చిచ్చి, పేపరు వెనక దాక్కున్నారు.

ఆదివారం పొద్దున ఎనిమిది గుడ్ల తెల్లసొన రాగి గిన్నెలో పోసి కవ్వంతో చిలికాను. అది నిజంగానే నురగై పొంగేసరికి నాకు మరింత భయం వేసింది. ఇక వెనక్కి తగ్గే దారి లేదు. ఇంట్లో ఉన్నది కట్టెల పొయ్యి. అందుకని అంతా కలిపి పింగాణీ గిన్నెలో పోసుకుని గల్లీ చివర బేకరీ భట్టీకి బయలుదేరాను. కొత్త కోడలు ఒంటరిగా పోకూడదని అత్తగారు వెంట వచ్చింది. (అక్కడైనా ఒంటరిగా ఏడవొచ్చనుకున్నాను. అదీ పోయింది.)

రొట్టెలు తీసేసిన భట్టీలో గిన్నె పెడుతూ, "బరువే లేదు బేటీ, గాలి నింపినవా?" అన్నాడు బేకరీ చాచా. నా ముఖం చూసి, "ఫికర్ నక్కో" అని ధైర్యం కూడా చెప్పాడు. అరగంటకు భట్టీ మూత తీస్తే, అచ్చం నల్లబల్ల మీద బొమ్మలాగే బంగారు రంగులో లేచి నిలబడింది. సంతోషించబోయాను. అప్పుడు గుర్తొచ్చింది దొరసాని చెప్పిన చివరి మాట: బయటికి తీసిన నిమిషంలో తినకపోతే కుంగిపోతుంది.

ఇల్లు రెండు వందల అడుగుల దూరం. గిన్నె అత్తగారే గుడ్డలో పట్టుకుంది. "జల్ది నడువాలె అత్తమ్మా" అన్నాను. సగం దారిలో ఒక టాంగా అడ్డం తిరిగి, గుర్రం కదలనని మొరాయించింది. మేమిద్దరం చూస్తుండగానే సూఫ్లే చిన్నగా నిట్టూర్చి, నడుమ గుంతపడి, గిన్నె అడుక్కి దిగిపోయింది.

అత్తగారు దాన్ని చూసింది. నన్ను చూసింది. "ఏమైంది దీనికి?"

"నేనెన్నడు చెయ్యలే అత్తమ్మా. బొమ్మ చూసిన, అంతే" అని గల్లీ మధ్యలోనే ఏడ్చేశాను.

"బొమ్మ చూసి చేసినవా?" అంది. కోపమో, ఆశ్చర్యమో ఆ గొంతులో నాకు తెలియలేదు. గిన్నె సర్దుకుని, "కండ్లు తుడుచుకో. నడువు" అంది.

ఇంట్లో వరసగా కూర్చున్న చుట్టాల ముందు గిన్నె పెట్టాం. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. పెద్దమామ వంగి చూసి, "ఏందమ్మా, నడుమల కుంగింది?" అన్నాడు.

"గట్లనే కుంగాలె బావా" అంది అత్తగారు, రెప్ప వెయ్యకుండా. "కుంగకపోతే లోపల పచ్చిగున్నట్టు."

తలా రెండు చెంచాలు తిన్నారు. చివరికి పెద్దమామ మూతి తుడుచుకుని, "బాగ కుంగింది" అని మెచ్చుకున్నాడు.

ఆ సాయంత్రం గిన్నెలు తోముతుంటే అత్తగారు పక్కన వచ్చి కూర్చుంది. "అబద్ధమాడెటప్పుడు కండ్లల్ల నీళ్లు రావద్దు పిల్లా" అంది. "రేపటిసంది జొన్నరొట్టె నేర్పుత."

కొన్నేళ్లకు ఇంట్లోకి ఓవెన్ వచ్చింది, సూఫ్లే చెయ్యడం నాకు నిజంగానే వచ్చింది. కానీ లేచిన సూఫ్లేను మా ఇంట్లో ఎవరూ ముట్టేవారు కాదు. "ఇంక పచ్చిగుంది, కుంగనియ్యి" అనేవారు. అత్తగారు కూడా వాళ్లతోపాటే తల ఊపేది. ఆ తిన్నవాళ్లలో ఇప్పుడు ఒక్కరూ లేరు. మొన్న ఒక్కదాన్నే చేసుకున్నాను. వేడి మీద తినొచ్చు, వద్దనేవాళ్లు లేరు. అయినా చెంచా పట్టుకుని, అది కుంగేదాకా బుద్ధిగా కూర్చున్నాను.