పొగలేని పొయ్యి మీద నా నివేదిక

ఎనభైల మొదట్లో కోనసీమ మొత్తానికి పొగను కొలవగల మొనగాణ్ణి నేనొక్కణ్ణే. అరవై వంటిళ్ళ గడపలెక్కి లెక్క తేల్చినవాణ్ణి. ఆ లెక్క ఒక మంచి సంఘాన్ని ఎలా ముంచబోయిందో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

మామిడికుదురు దగ్గర మేరీరత్నం టీచరుగారు ఒక మహిళా సంఘం నడిపేవారు. ఆడవాళ్ళ దగ్గులు తగ్గాలని పట్టుబట్టి, ఇంటింటా గొట్టం పెట్టిన పొగలేని పొయ్యిలు వేయించారు. వాటికి సాయం చేసిన హైదరాబాదు సంస్థవారు, ఏం మేలు జరిగిందో రాసి పంపితే మిగతా ఊళ్ళ సంగతి చూస్తామన్నారు. నేనప్పుడు బి.ఏ. పాసై ఖాళీగా ఉన్నాను.

"మీకు ఇంగ్లీషు వచ్చు కదా బాబూ, ఇల్లిల్లూ తిరిగి రాసిపెడుదురూ" అన్నారు టీచరుగారు.

మొదట మంగతాయారుగారింటికి వెళ్ళాను.

"పొయ్యి బాగుందాండీ?"

"ఆయ్. కూర్చోండి బాబూ, బొండాం కొట్టిస్తాను."

"దగ్గు తగ్గిందా?"

"ఆయ్, తగ్గిందండీ. ఇంకో లేతది కొట్టించమంటారా?"

ఇంటికొచ్చిన మనిషితో కాదనడం కన్నా గోదాట్లో దూకడం తేలిక మావాళ్ళకి. అక్కడే పుట్టి పెరిగిన నాకు తెలియదా? తెలుసు. కానీ కడుపులో నాలుగు బొండాలుంటే ఏ మాటైనా తియ్యగానే ఉంటుంది. అన్నట్టు, అరవై కాదు, ఆరిళ్ళే తిరిగాను. అన్నమంతా పట్టి చూడాలా ఏమిటి? ఆ ఆరు మెతుకులతోనే "ఇక్కడి స్త్రీలు దగ్గడం మరిచిపోయారు" అని శుభలేఖలాంటి నివేదిక దంచాను.

అది చదివి, ఆనందం పట్టలేక, సంస్థ నుంచి ఒక మేడంగారు స్వయంగా దిగారు. తిన్నగా మంగతాయారుగారి వంటింట్లోకి నడిచారు, వెనకే టీచరుగారూ నేనూ. పొయ్యిలో కోడిపెట్ట గుడ్లు పొదుగుతోంది.

"మరి వంటెక్కడమ్మా?"

"పెరట్లో మూడు రాళ్ళ మీదండీ. దీని నోట్లో కొబ్బరి మట్ట పట్టదు. మట్టలు నరుక్కుంటా కూర్చుంటే అన్నం ఎప్పుడుడుకుద్దండీ?"

"ఈయనకెందుకు చెప్పలేదు?"

"ఎండనపడి వచ్చేరు పాపం. కాదంటే చిన్నబుచ్చుకుంటారని."

మేడంగారు నా నివేదికను నాలుగు మడతలు పెట్టారు. "ఇలా రాసేవాళ్ళకి మేమేం సాయం చేస్తాం టీచరుగారూ?"

టీచరుగారి మొహం పాలిపోయింది. అప్పుడు నేను ముందుకొచ్చి, తప్పంతా నాదేననీ, పొయ్యి నోరు వెడల్పు చేయిస్తే అందరూ వండుకుంటారనీ ధీరుడిలా పలికాను. మేడంగారు మెత్తబడి, అక్కడికక్కడే మట్టకి కొలత తీయించారు. కొత్త పొయ్యిలు నిజంగానే వెలిగాయి.

కొబ్బరిచెట్టు సాక్షిగా ఆనాడే శపథం పట్టాను: పొయ్యిలో చెయ్యి పెట్టి, కాలితే గాని, పొయ్యి గురించి ఒక్క అక్షరం రాయను.

ఇదంతా మొన్న మేరీరత్నం గారికి చదివి వినిపించాను. ఆవిడ కళ్ళజోడు తీసి, "ఆరోజు మేడంగారి ముందు అబద్ధం చెప్పింది మేమేనని ఒప్పుకుంది మంగతాయారు బాబూ. మీరప్పటికే రాజోలు బస్సెక్కేసేరు" అన్నారు.