అక్క చేతి కషాయం

మా నాయనకు పల్లేరుకాయల కషాయం కాచింది నేను. పేరు మాత్రం మా అక్కది.

ఎనభైల మొదట్లో సంగతి. ఎమ్మిగనూరులో మాది మగ్గాల ఇల్లు. అక్క పెళ్ళయి ఆదోనికి పోయింది. నేను మేనమామ కొడుకును చేసుకుని ఆ ఇంట్లోనే ఉండిపోయాను. నాయనకు నడుము నొప్పి వస్తే, గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసేవాళ్ళకు అది మామూలే అనుకున్నాం. ఆముదం కాచి రుద్దుతూ చాలా కాలం గడిపాం. మూత్రం కూడా సరిగా రాకుండా పోయాక కర్నూలు తీసుకెళ్ళాను. ప్రోస్టేట్ క్యాన్సర్ అన్నారు. అప్పటికే వెన్నెముకలోకి పాకిందట.

రోజూ వేసుకోమని మాత్రలు రాసిచ్చారు. వాటితో నాయనకు రొమ్ములు ఉబ్బాయి. "ఈ వయసులో నన్ను ఆడదాన్ని సేస్తాండావా?" అని నా మీద ఇంతెత్తున లేచాడు. ఆ తర్వాత నేను మాత్ర ఇస్తే ఉమ్మేసేవాడు.

అప్పుడు దిగింది మా అక్క. ఆదోనిలో వాళ్ళ వీధి హకీం సాబు చెప్పాడని పల్లేరుకాయల కషాయం తాగించింది. మూత్రం కాస్త సాఫీగా వచ్చింది. అంతే, "పెద్దదానికి హస్తవాసి ఉండాది" అని నాయన వచ్చినవాళ్ళందరికీ చాటింపు.

నందవరం దారిలో చేలగట్ల వెంట ఆ కాయలు ఏరుకొచ్చేది నేను. ముళ్ళు గుచ్చుకునేది నా వేళ్ళకు. దంచేదీ, పొగలో కళ్ళు నులుముకుంటూ కాచేదీ నేనే. అయినా నా చేతి మందు పనిచేయదట! అందుకని అక్క చుట్టపుచూపుగా వచ్చి, నేను ఎండబెట్టిన కాయల మూటను ఒకసారి చేత్తో ముట్టి పోయేది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. నాకు ఒళ్ళు మండిపోయేది.

పల్లేరు ఈ జబ్బును ఆపుతుందా అని కర్నూలు డాక్టరును అడిగాను. ఆపదంటే బాగుండునని లోలోపల నా కోరిక. ఆయన నవ్వలేదు. "పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచే రక్త క్యాన్సర్‌కు సూదిమందు తీశారమ్మా. ఈ జబ్బు ఎముకల్లోకి పాకకుండా ఆపే గుణం కూడా ఏ మొక్కలోనైనా ఉండొచ్చు. వెతకాలి, పరీక్షించాలి. మీ కషాయంలో ఉందని మాత్రం నేను చెప్పలేను. మాత్రలు మానొద్దు" అన్నాడు. నాకు ఆ జవాబు సగమే నచ్చింది.

నొప్పి ముదిరింది. నాయన మూలుగు వినలేక అక్క ఒకరోజు వంటింట్లో నన్ను పట్టుకుని ఏడ్చింది.

"ఆ కసాయం ఉచ్చ వచ్చేదానికే మే. ఎముకల నొప్పికి తన దగ్గర మందు లేదని, డాక్టరు మాత్రలు మానిపించొద్దని హకీం సాబు ముందే సెప్పినాడు. నేను వస్తే నాయన మొగం ఎలుగుతాంది. ఎట్ల సెప్పేది?"

మాత్రలు మానొద్దని నేను నెలల తరబడి గొంతు చించుకుంటూనే ఉన్నాను.

"అయితే ఆ మాత్ర నువ్వే ఇయ్యి పో" అన్నాను.

ఇచ్చింది. ఏం మందని కూడా నాయన అడగలేదు. నా ముందు ఉమ్మేసిన మాత్రనే ఆమె చేతిలోంచి తీసుకుని మింగేశాడు. కొన్నాళ్ళు అక్క మా ఇంట్లోనే ఉండి ఇచ్చింది. మెల్లగా నొప్పి తగ్గి, నాయన గోడకు ఆనుకుని కూర్చోగలిగాడు. నేను అన్నం కలిపి పెడుతుంటే, "సూసినావా, పెద్దదాని సెయ్యి!" అన్నాడు. ఆయన లేచి కూర్చున్నాడన్న సంతోషం నిజం. ఆయన నోట్లో ముద్ద పెడుతూ అక్క మీద కుళ్ళుకున్నదీ నిజమే.

అక్క ఆదోని వెళ్ళిపోయింది. మర్నాడు నేను మాత్ర తీస్తే నాయన పెదాలు బిగించాడు.

"అక్క ఇచ్చి పోయింది నాయనా" అన్నాను.

నోరు తెరిచాడు. ఆయన పోయేదాకా రోజూ ఆ మాటే చెప్పి మింగించాను.